జనం గొంతు కలిపేలా కచేరీ పెట్టడం

కడపలో గుడి ముందర మైదానంలో కచేరీ పెడితే ముందు కుర్చీల సంగతి చూడండి. వేదికకు మూడు మీటర్లలోనే మొదటి వరస, అదీ వంపుగా. పక్కవాళ్ల కళ్లు చెమర్చడం కనిపించాలి కదా! జనం మీద లైట్లు పూర్తిగా ఆర్పొద్దు.

జనం చప్పట్లు తాళం తప్పేది ఎక్కువగా దూరం వల్లే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేదిక దగ్గరి స్పీకర్లకు 34 మీటర్ల వెనక కూర్చున్నవాళ్లకు పాట సెకనులో పదో వంతు ఆలస్యం. వాళ్ల చప్పట్లు వేదికకు చేరేసరికి ఇంకో పదో వంతు. మృదంగం ఆయన వాటి వెంటబడితే పాట ఈడ్చుకుపోతుంది. ఆయన చెవి గాయకుడి మీదే ఉండాలి. మైదానం మధ్యలో స్పీకర్లు పెడితే, వేదిక నుంచి వాటి దూరానికి తగ్గ డిలే (వాటిలో శబ్దం ఆ మేరకు ఆలస్యంగా వచ్చే ఏర్పాటు) ఇవ్వండి, లేకుంటే మాట రెండుసార్లు వినబడుతుంది.

ఎనిమిది లెక్కల ఆదితాళమైతే జనానికి వేళ్ల లెక్క వద్దు. ఎనిమిదింటిలో 1, 5, 7 దెబ్బలు చాలు.

పాడించేది పల్లవి ఒక్కటే, సంగతులు (అదే వరసను మార్చి మార్చి పాడటం) లేకుండా. రెండుసార్లు గాయకుడు, మూడోసారి మైకు జనం వైపు. పల్లవి తారస్థాయిలో, అంటే బాగా పై శ్రుతిలో ఉంటే గొంతు అందక నోరు మూసుకుంటారు, తప్పు వాళ్లది కాదు. పాట ఆగిన వెంటనే ప్రకటనలు మొదలెట్టొద్దు. నాలుగైదు సెకన్లు వదిలేయండి.