పేరు లేని కన్‌స్ట్రెయింట్ వల్ల మైగ్రేషన్ ఆగిపోతుంటే: ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, ఆలెంబిక్

సమస్య

ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పైథాన్ నుంచి డేటాబేస్‌తో పనిచేయించే లైబ్రరీ, ఆలెంబిక్ దానికి తోడుగా టేబుళ్ల నిర్మాణంలో మార్పులను (మైగ్రేషన్లను) నడిపే సాధనం. ఫారిన్ కీ (ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌కి ముడివేసే కన్‌స్ట్రెయింట్, అంటే డేటా పాటించాల్సిన నియమం) చేర్చిన మైగ్రేషన్ చక్కగా నడిచింది. దాన్ని వెనక్కి తీసుకోబోతే, కన్‌స్ట్రెయింట్‌కి పేరు లేదు కాబట్టి డ్రాప్ చేయలేనంటూ ఎర్రర్ వచ్చింది. ఫైలు తెరిచి చూస్తే, డ్రాప్ కన్‌స్ట్రెయింట్ లైన్లో పేరు ఉండాల్సిన చోట ‘నన్’ (పైథాన్‌లో ఏమీ లేదని అర్థం) అని ఉంది.

ఇదే సమస్య ఇంకో రూపంలోనూ వస్తుంది. పేరు చేత్తో రాస్తే మీ మెషీన్‌లో నడుస్తుంది, ప్రొడక్షన్‌లో మాత్రం ఆ పేరుతో కన్‌స్ట్రెయింటే లేదంటుంది. రిలీజ్ రాత్రి ఇది ఎదురైతే ఎంత టెన్షనో నాకు అనుభవమే.

కారణం

మోడల్‌లో (టేబుల్‌ని వర్ణించే పైథాన్ క్లాస్‌లో) పేరు ఇవ్వకపోతే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పేరు లేకుండానే టేబుల్ సృష్టిస్తుంది. అప్పుడు డేటాబేసే తనకు తోచిన పేరు పెట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ టేబుల్ పేరు, కాలమ్ పేరు కలిపి చివర ‘ఎఫ్‌కీ’ తగిలిస్తుంది. మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేరు పక్కన ‘ఐబీఎఫ్‌కె’, ఒక వరుస సంఖ్య పెడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ పెట్టే పేరు చివరన ఊహించలేని అంకెలు, అక్షరాలు ఉంటాయి. అందుకే ఒకే మైగ్రేషన్ రెండు సర్వర్లలో రెండు వేర్వేరు పేర్లు పుట్టిస్తుంది.

పరిష్కారం

ప్రతి కీకి చేత్తో పేరు రాయొచ్చు గానీ, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి మర్చిపోతారు. మెటాడేటా ఆబ్జెక్ట్‌కి (టేబుళ్ల వివరాలన్నీ ఉంచుకునే దానికి) ‘నేమింగ్ కన్వెన్షన్’, అంటే పేర్లు పెట్టే పద్ధతి, ఇవ్వడమే సరైన దారి. ఇండెక్స్, యునీక్, చెక్, ఫారిన్ కీ, ప్రైమరీ కీ ఐదింటికీ నమూనాలు రాయండి. ఫారిన్ కీకి టేబుల్ పేరు, కాలమ్ పేరు, అది చూపించే టేబుల్ పేరు కలిపితే, ఎర్రర్‌లో ఆ పేరు కనబడగానే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఈ పని మొదటి మైగ్రేషన్ కంటే ముందే చేయండి.

కన్వెన్షన్ పెట్టినా పేర్లు రావడం లేదా?

మోడల్స్ వేరే మెటాడేటాకి అతుక్కుని ఉండొచ్చు. బేస్ క్లాస్‌కీ, ఆలెంబిక్ ఎన్విరాన్‌మెంట్ ఫైల్లోని టార్గెట్ మెటాడేటాకీ ఇచ్చింది ఒకే ఆబ్జెక్టా అని చూడండి.

రెండు యునీక్ కన్‌స్ట్రెయింట్లకి ఒకే పేరు వస్తోందా?

నమూనాలో మొదటి కాలమ్ పేరు ఒక్కటే వాడి ఉంటారు. ఒకే కాలమ్‌తో మొదలయ్యే రెండు కన్‌స్ట్రెయింట్లు ఉన్నాయంటే పేర్లు ఢీకొంటాయి. అన్ని కాలమ్‌ల పేర్లూ కలిపే టోకెన్ (నమూనాలో పేరు వచ్చే చోట రాసే గుర్తు) ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 1.3 వెర్షన్ నుంచి ఉంది, దాన్ని వాడండి. పేరు పొడవు కూడా గమనించాలి. పోస్ట్‌గ్రెస్ 63 బైట్లు, మైఎస్‌క్యూఎల్ 64 అక్షరాల వరకే ఒప్పుకుంటాయి.

చెక్ కన్‌స్ట్రెయింట్ పేరులో ముందు భాగం రెండుసార్లు వస్తోందా?

మైగ్రేషన్‌లో మీరు పూర్తి పేరు రాశారు, కన్వెన్షన్ దానికి మళ్లీ ముందు భాగం తగిలించింది. ఆ పేరును ‘ఆప్ డాట్ ఎఫ్’లో చుట్టండి. ఇది తుది పేరు, ఇక ముట్టుకోవద్దని ఆలెంబిక్‌కి చెప్పడమే దాని పని.

పాత డేటాబేస్ సంగతి

చాలామంది ఇక్కడే పొరబడతారు. కన్వెన్షన్ రాసినంత మాత్రాన డేటాబేస్‌లో ఉన్న పాత పేర్లు మారవు. మోడల్స్‌ని డేటాబేస్‌తో పోల్చి మైగ్రేషన్ రాసిచ్చే ఆలెంబిక్ ఆటోజెనరేట్ కూడా మీ కోసం రీనేమ్ లైన్లు రాసిపెట్టదు. ముందు ప్రొడక్షన్‌లోని అసలు పేర్లు సిస్టమ్ కేటలాగ్ (డేటాబేస్ తన సొంత వివరాలు దాచుకునే టేబుళ్లు) నుంచి తీసి, విడిగా ఒక మైగ్రేషన్ రాయండి.

పోస్ట్‌గ్రెస్‌లో ‘రీనేమ్ కన్‌స్ట్రెయింట్’ ఉంది. అది డేటాను మళ్లీ తనిఖీ చేయదు కాబట్టి పెద్ద టేబుల్ మీదైనా పని త్వరగా అయిపోతుంది. కాకపోతే కాసేపు టేబుల్ లాక్ కావాలి, అందుకే రద్దీ లేని వేళ చూసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘ఎస్‌పీ రీనేమ్’ ప్రొసీజర్ వాడాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీని డ్రాప్ చేసి కొత్త పేరుతో మళ్లీ సృష్టించాలి. అక్కడ ప్రైమరీ కీ పేరు ఎప్పుడూ ‘ప్రైమరీ’యే, దాన్ని మార్చడానికి తంటాలు పడకండి.

ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీని నేరుగా తీసేసే వీల్లేక ఆలెంబిక్ బ్యాచ్ మోడ్ టేబుల్‌నే కొత్తగా కడుతుంది. పాత టేబుల్లో పేరు లేని కీ ఉంటే బ్యాచ్ ఆపరేషన్‌కి కూడా అదే కన్వెన్షన్ ఇవ్వండి. ఆ నమూనా ప్రకారం కీకి పేరు వస్తుంది, ఆ పేరుతో డ్రాప్ చేయొచ్చు.