బాయిలింగ్ పాయింట్ల క్రమం తప్పుతోందా? ఎక్కడ తప్పుతోందో చూడండి

"మరుగు స్థానాలు పెరిగే క్రమంలో అమర్చండి" అనే ప్రశ్న ఇంటర్ పిల్లల్ని చాలా టెన్షన్ పెడుతుంది. నిజానికి ఇందులో దొర్లే తప్పులు నాలుగైదే. మీరు చేసేది ఏదో పట్టుకుంటే చాలు.

సమస్య: "కార్బన్-హైడ్రోజన్ బంధం గట్టిది, అది తెగాలంటే ఎక్కువ వేడి కావాలి" అని వివరణ రాస్తున్నారు.

కారణం: మరగడమంటే అణువు ముక్కలవడం అనుకుంటున్నారు. అన్నిటికన్నా లోతుగా నాటుకుపోయిన పొరపాటు ఇదే.

పరిష్కారం: అన్నం ఉడుకుతున్నప్పుడు మూత తీసి తిరగేయండి. లోపలివైపు పట్టిన చుక్కలు నీళ్లే. హైడ్రోజనూ ఆక్సిజనూ విడిపోలేదు, అణువులు ఒకదాన్నొకటి వదిలి పైకి లేచాయంతే. అందుకే ప్రశ్న చదవగానే ఒక్కటి అడగండి: ఈ అణువు తన పక్కదాన్ని ఎంత గట్టిగా పట్టుకుంది?

సమస్య: అణుభారం ఒకటే అయిన పదార్థాల దగ్గర తికమక.

ఇథనాల్, డైమిథైల్ ఈథర్ రెండిటి అణుభారం 46. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఈథర్ మైనస్ 25 దగ్గరే. నూరు డిగ్రీల పైన తేడా!

కారణం: ఆక్సిజన్ ఉందా లేదా అని చూశారు గానీ, దానికి హైడ్రోజన్ నేరుగా అంటుకుని ఉందా అని చూడలేదు. ఇథనాల్‌లో అలాంటి హైడ్రోజన్ ఉంది, అది పక్క అణువులోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఈథర్‌లో హైడ్రోజన్లన్నీ కార్బన్ల మీదే ఉన్నాయి.

పరిష్కారం: నిర్మాణం గీసి, ఆక్సిజన్ మీదా నైట్రోజన్ మీదా ఉన్న హైడ్రోజన్లకు పెన్సిల్‌తో సున్నా చుట్టండి. నైట్రోజన్ పట్టు కాస్త తక్కువ, అందుకే దాదాపు అంతే భారమున్న ఇథైల్ అమీన్ 17 డిగ్రీల దగ్గర, అంటే ఆ రెండిటి మధ్యలో నిలుస్తుంది. ఆమ్లాలైతే రెండేసి అణువులు జంటకడతాయి. ఎసిటిక్ ఆమ్లం 118, అంతే భారమున్న 1-ప్రొపనాల్ 97.

సమస్య: ఒకే ఫార్ములా, కానీ కొమ్మలున్న (కార్బన్ గొలుసు పక్కకు చీలిన) అణువును పైన పెడుతున్నారు.

కారణం: కొమ్మలుంటే ఒకదానికొకటి చిక్కుకుంటాయన్న ఊహ. జరిగేది దానికి తలకిందులు.

పరిష్కారం: మునక్కాయల కట్టను గుర్తు తెచ్చుకోండి. ఒకదాని పక్కన ఒకటి పొడవునా ఆనుకుని ఉంటాయి. బుట్టలో నిమ్మకాయలు మాత్రం అక్కడక్కడా చుక్కల్లా తగులుతాయి. తగిలే మేర తగ్గితే పట్టూ తగ్గుతుంది. నిటారుగా ఉండే నార్మల్ పెంటేన్ 36 డిగ్రీలు, ఒక కొమ్మ ఉన్న ఐసోపెంటేన్ 28, దాదాపు బంతిలా ఉండే నియోపెంటేన్ 9.5. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఎండ 40 దాటినప్పుడు నార్మల్ పెంటేన్ పొయ్యి లేకుండానే మరుగుతుంది. తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

సమస్య: ధ్రువత (అణువులో ఒకవైపు కాస్త ప్లస్, ఇంకోవైపు కాస్త మైనస్ ఛార్జ్) ఉన్నదాన్నే ఎప్పుడూ పైన రాస్తున్నారు.

క్లోరోఫామ్‌కు ధ్రువత ఉంది, కార్బన్ టెట్రాక్లోరైడ్‌కు లేదు. అయినా మొదటిది 61, రెండోది 77.

కారణం: ఎలక్ట్రాన్ల లెక్క మరిచిపోయారు. క్లోరోఫామ్‌లో 58, టెట్రాక్లోరైడ్‌లో 74. ఎలక్ట్రాన్లు ఎక్కువైనకొద్దీ అణువుల మధ్య లండన్ బలాలు (ఎలక్ట్రాన్ల కదలిక వల్ల పుట్టే ఆకర్షణ) పెరుగుతాయి.

పరిష్కారం: ముందు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. అవి సమానమైతే అప్పుడు ధ్రువత చూడండి. సిస్ (రెండు క్లోరిన్లూ ఒకేవైపు), ట్రాన్స్ (ఎదురెదురు వైపుల) డైక్లోరోఇథీన్‌లలో అదే తీర్పు చెబుతుంది: ధ్రువత ఉన్న సిస్ 60, ట్రాన్స్ 48.

సమస్య: క్రమం సరిగ్గానే వస్తోంది, ల్యాబ్‌లో రీడింగ్ మాత్రం పుస్తకంతో కలవడం లేదు.

ఒకటి రెండు డిగ్రీలు తక్కువొస్తే, మీరు హైదరాబాద్‌లో ఉన్నారేమో చూడండి. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన గాలి ఒత్తిడి తక్కువ, అక్కడ నీళ్లే 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి. తప్పు మీది కాదు. ఆ రోజు ఒత్తిడి ఎంతో రీడింగ్ పక్కన రాయండి.

ఎక్కువొస్తే క్యాపిలరీ పద్ధతిలో (ఒక చివర మూసిన సన్నని గాజు గొట్టాన్ని ద్రవంలో తలకిందులుగా ముంచి వేడిచేయడం) తొందరపడ్డారని అర్థం. బుడగలు జోరుగా వస్తున్నప్పుడు చూసేది మరుగు స్థానం కాదు. మంట తీసేయండి, బుడగలు ఆగి ద్రవం క్యాపిలరీలోకి ఎక్కే క్షణం కోసం ఓపిగ్గా చూడండి. అప్పుడు థర్మామీటర్ చూపించేదే మీ రీడింగ్.