నెల్లూరు నుంచి నేలపట్టుకు ఒక్కరోజు

నెల్లూరులో డిగ్రీ చదివిన మూడేళ్లలో నేలపట్టు పక్షుల కేంద్రానికి ఐదుసార్లు వెళ్లాను. జూనియర్లు ఎవరడిగినా ముందు చెప్పేది ఒకటే: చెరువులో నీళ్లున్నాయో లేదో కనుక్కోండి. గూడబాతులు, అంటే పెలికాన్లు, నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటేనే వాటికి ధైర్యం. ఈశాన్య రుతుపవనాల వానలు తప్పిన ఏడాది చెరువు బోసిపోతుంది. వానలు బాగా పడితే డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి.

పొద్దున్నే సూళ్లూరుపేట ప్యాసింజరు ఎక్కి, నాయుడుపేట దాటాక దొరవారిసత్రంలో దిగాలి. ఎక్స్‌ప్రెస్‌ ఎక్కితే అక్కడ ఆగదు. తిరుగు బండి టైము దిగగానే అడిగి పెట్టుకోండి. స్టేషన్ నుంచి చెరువు సుమారు రెండు కిలోమీటర్లు, చలికాలం పొద్దున నడిచిపోవచ్చు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నాకైతే ఇప్పటికీ మా నెల్లూరు చెరువే.

పులిహోర, పెరుగన్నం, నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోండి. ఎర్రచొక్కాలు వద్దు, మట్టిరంగువి వేసుకోండి. బైనాక్యులర్ మీకు లేకపోతే కాలేజీ జువాలజీ ల్యాబులో అడగండి.

ఇక అసలు పని కూర్చోవడం. చాలామంది పక్షుల్ని చూసే టవరెక్కి పది నిమిషాలు ఫోటోలు దిగి పులికాట్ సరస్సుకు పరిగెడతారు. మొదటిసారి నేనూ అంతే చేశాను, ఏమీ చూడలేదు. రెండోసారి ఒకే గూటిని ఎంచుకుని గంటసేపు చూశాను. తల్లి వాలింది. పిల్ల దాని గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చేసింది. తల్లి పిల్లను మింగేస్తోందేమోనని గుండె ఆగినంత పనైంది. అది చేప తింటోంది! పులికాట్ దాకా పోయి వేటాడి, కడుపులో దాచి తెచ్చిన చేప. నీటికాకులు, నత్తలు తినే కొంగలు కూడా ఆ చెట్ల మీదే ఉంటాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. ఊరివాళ్లు ఈ పక్షుల్ని సొంత బిడ్డల్లా చూసుకోవడానికి అదీ ఒక కారణం.

కేకలు వేయకండి, పాటలు పెట్టకండి. తల్లులు బెదిరి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి.

పులికాట్ ఫ్లెమింగోలకు ఇంకో ఆదివారం పెట్టుకోండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండు పక్కలా సరస్సే. దానికీ ఒక పూట కావాలి.