ఇంగ్లీషు వ్యాసంలో వాక్యాలు అతకడం లేదా? సమస్య - పరిష్కారం

తెలుగులో రెండు విషయాలను కలిపే పని చాలావరకు క్రియ చివరే జరిగిపోతుంది: వాన పడి, వాన పడితే, వాన పడినా. ఇంగ్లీషులో ఆ పనికి విడిగా ఒక మాట ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో, చుట్టూ ఏ విరామచిహ్నం ఉండాలో కూడా తెలియాలి. అమలాపురంలో చదివినా భీమవరంలో చదివినా, మన పిల్లల జవాబు పత్రాల్లో కనిపించే తప్పులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

సమస్య: ఒకే వాక్యంలో ఆల్దో, బట్ రెండూ

"ఆల్దో ది కెనాల్ వాజ్ డ్రై, బట్ దే ప్లాంటెడ్ ప్యాడీ."

కారణం మన మాటతీరే. "కాలువ ఎండినా గానీ వరి ఊడ్చేశారు" అని రెండు గుర్తులు వాడినా తెలుగు చెవికి ఇబ్బంది ఉండదు. ఇంగ్లీషుకు ఒకటే చాలు. ఆల్దో ఉంచితే బట్ కొట్టేయండి, బట్ ఉంచితే ఆల్దో కొట్టేయండి. బికాజ్, సో జంటకూ ఇదే మందు.

సమస్య: బికాజ్‌తో మొదలై మధ్యలో ఆగిపోయిన వాక్యం

"ఊడ్పులు ఆలస్యమయ్యాయి. ఎందుకంటే నీరు రాలేదు." తెలుగులో ఇది నిక్షేపంలా ఉంది. అదే పద్ధతిలో "బికాజ్ ది వాటర్ డిడ్ నాట్ కమ్" అని రాసి చుక్క పెడితే పరీక్షలో అసంపూర్ణ వాక్యం కింద మార్కు పోతుంది. ముందున్న చుక్క తీసేసి, బికాజ్‌ను చిన్న అక్షరంతో ముందు వాక్యానికి కలిపేయండి. బికాజ్‌తోనే మొదలుపెట్టాలనుకుంటే ఆ భాగం తర్వాత కామా పెట్టి అసలు విషయం రాయండి.

సమస్య: హవెవర్ ముందు కామా

"ది రివర్ రోజ్, హవెవర్ ది బండ్ హెల్డ్." హవెవర్ అర్థంలో బట్‌కు దగ్గరే, పనిలో మాత్రం వేరు. బట్ రెండు వాక్యాలను కట్టగలదు, హవెవర్‌కు ఆ బలం లేదు. పరీక్షించడం తేలిక: మాటను రెండో వాక్యం మధ్యకు జరిపి చూడండి. "ది బండ్, హవెవర్, హెల్డ్" నిలుస్తుంది, బట్ అలా జరగదు. జరిగే మాటకు ముందు చుక్కో సెమికోలనో పెట్టాలి, తర్వాత కామా పెట్టాలి. దేర్‌ఫోర్, మోర్ఓవర్, నెవర్‌దిలెస్ కూడా ఈ కోవవే.

సమస్య: డిస్పైట్ ఆఫ్

ఆఫ్ ఉండేది ఇన్ స్పైట్ తర్వాత. డిస్పైట్ తర్వాత నేరుగా నామవాచకం రావాలి: "డిస్పైట్ ది హెవీ రెయిన్". కర్త, క్రియ ఉన్న పూర్తి భాగం రాయాలంటే ఆల్దో వాడాలి.

సమస్య: మాటలన్నీ ఉన్నాయి, వ్యాసం మాత్రం అతకలేదు

అన్నిటికన్నా మొండిది ఇదే. ప్రతి వాక్యం ముందు మోర్ఓవర్, ఫర్దర్‌మోర్ ఉంటాయి. జాబితా బట్టీపట్టడం దీనికి మూలం. గోదావరి డెల్టా గురించి రాస్తున్నారనుకోండి: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలువల నీటితో వరి సాగు పెరిగింది, శివారు పొలాలకు నీరు సరిగా అందదు. మొదటి రెండిటి మధ్య మోర్ఓవర్ పెడితే తప్పు, ఎందుకంటే అది వాదానికి ఇంకో బలం చేర్చే మాట. ఇక్కడున్నది ఫలితం కాబట్టి "యాజ్ ఎ రిజల్ట్" కావాలి. మూడోది ఎదురు తిరిగిన విషయం, అక్కడ హవెవర్ సరిపోతుంది.

సరిచేయడానికి కలిపే మాటలన్నీ కొట్టేసి పేరా చదవండి. వాక్యానికీ వాక్యానికీ నడుమ మీ మనసులో "అందుకని" వస్తోందా, "అయినా" వస్తోందా, "పైగా" వస్తోందా, "ఉదాహరణకు" వస్తోందా? వచ్చినదానికి సరిపడే ఇంగ్లీషు మాట పెట్టండి. ఏదీ రాకపోతే వాక్యాల వరుస తప్పి ఉండొచ్చు. వరుస బాగానే ఉంటే ఆ చోట ఏ మాటా అక్కర్లేదు. చాలాచోట్ల "దిస్ వాటర్", "దీజ్ కెనాల్స్" అని ముందు వాక్యంలోని వస్తువును మళ్లీ అందుకుంటే మోర్ఓవర్ కన్నా గట్టిగా అతుకుతుంది. వంద మాటల పేరాలో మూడు నాలుగుకు మించి కలిపే మాటలు కనిపిస్తే, ఒక్కోదాన్నీ తీసి చదవండి. అర్థం చెడనిచోట దాన్ని మళ్లీ పెట్టకండి.