బంటు తక్కువున్నప్పుడు డ్రా గుంజుకునుడెట్ల

ఏండ్ల సంది చెస్ టోర్నమెంట్లు ఆడినోళ్లు ఇద్దరు ఎదురెదురుగ కూసుంటే ఓపెనింగ్‌ల ఎవరూ ఊకనే ఓడిపోరు, పదిహేను ఎత్తుల దాక ఇద్దరికీ నోటికే ఉంటది. తేలేది మూడో గంటల, చెరొక ఏనుగు, ఒకటి రెండు బంట్లు మిగిలినప్పుడు.

ముందుగాల గడియారం. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకండ్లు కలిసే గేమ్‌ల ఇరవయ్యో ఎత్తుకల్లా 40 నిమిషాలన్న చేతిల ఉంచుకోండి (నా లెక్క ఇది, రూలు కాదు). టైం తక్కువైందని ఎత్తులు కాగితం మీద రాసుడు మాత్రం ఆపొద్దు, ఐదు నిమిషాల కన్న తక్కువ మిగిలితే రాయకున్నా నడుస్తదనేది 30 సెకండ్లు కలవని గేములకే.

ఇగ ఏనుగు. మీరు నల్లపావులు అనుకోండి, రాజును అవతలోళ్ల బంటుకు ఎదురుంగ నిలబెట్టి ఏనుగును ఆరో వరస మీద (తెల్లపావుల దిక్కు నుంచి లెక్క) ఏ6, బి6 గడులల్ల అడ్డంగ తిప్పుతుండాలె, వాళ్ల రాజు లోపలికి రాలేడు. బంటు ఆరో వరసకు ఎక్కిందా, ఎంటనే ఏనుగును ఒకటో వరసకు దింపి ఎనుక నుంచి చెక్కులు కొట్టుడే. దీన్ని ఫిలిడార్ పద్ధతి అంటరు, 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడి పేరు.

అసలు ముచ్చట క్లెయిమ్, అంటే డ్రా ఇయ్యమని అడుగుడు. అదే పొజిషన్, అదే వంతు మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు, వరసగ రావాలని లేదు. మీ ఎత్తుతోటి మూడోసారి వస్తుంటే ఆ ఎత్తు కాగితం మీద రాయండి, బోర్డు మీద ఆడకండి, గడియారం ఆపి ఆర్బిటర్‌ని (ఆట రెఫరీని) పిలవండి. పావు ముట్టిన్రా, ఆ ఎత్తుకు హక్కు పోయినట్టే. లెక్క తప్పితే అవతలోళ్లకు 2 నిమిషాలు కలుపుతరు, రాసిన ఎత్తు ఆడాల్సిందే.

నల్లగొండల ఒక ఫంక్షన్ హాల్ల గిదే తప్పు చేసిన. ఎదురుంగ మిర్యాలగూడ అన్న, బంటు ఎక్కువుంది, టైం కలుపుకుందామని ఏనుగును అటిటు తిప్పుతుండు. నేను సంబురంల బి6 ఆడి, గడియారం నొక్కి, అప్పుడు చెయ్యెత్తిన. "వంతు ఆయనది, నువ్వెట్ల అడుగుతవ్" అన్నడు ఆర్బిటర్. అన్న బంటు నూకిండు, నేను బి1కి దిగాల్సింది పోయి ఆ గాబరాల ఆరో వరస మీదనే తిప్పుకుంట కూసున్న. అయిపాయె. కాగితం మీద సంతకం పెట్టుకుంట నవ్విండు అన్న, "మూడోసారని నాకూ యాదిలేదు తమ్మీ, నువ్వు చెయ్యెత్తినంకనే లెక్కవెట్టిన."