వాలు నేలలో పూలమడి: ముందు నీటి దారి చూడండి

మా ఇల్లు విశాఖలో సింహాచలం కొండకు దిగువన. వీధి గుమ్మం నుంచి రోడ్డు దాకా ఉన్నది 12 అడుగులే, కానీ అంతలోనే నేల 3 అడుగులు దిగిపోతుంది. పైగా ఎర్రమట్టి. మొదటి ఏడు తెలియక కనకాంబరం మొక్కల్ని పైనుంచి కిందికి వరసలుగా నాటాను. జులైలో ఒక్క రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి చూస్తే వరసల మధ్య జానెడు లోతున కాలవలు, మట్టంతా రోడ్డు మీద, వేళ్లు తేలిన మొక్కలు. ఏడుపొచ్చింది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి తెలుసు, ఈ మట్టిని వాన నీరు ఎలా కోసేస్తుందో.

అందుకే వాలు నేల ఉన్నవాళ్లు నర్సరీకి వెళ్లే ముందు ఒక వానలో గొడుగు వేసుకుని బయట నిలబడండి. నీరు ఎక్కడినుంచి వస్తోంది, ఎటు పోతోంది చూడండి. మా దగ్గర సగం నీరు డాబా గొట్టం నుంచే పడుతోందని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని పక్కనున్న కాలవలోకి తిప్పించాక సగం టెన్షన్ తీరింది.

తర్వాత మెట్లు, అంటే వాలుని మెట్లుమెట్లుగా చదును చేసి మళ్లు కట్టడం. వాలు ఎంతో మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో కొలవండి, కంటి లెక్క మోసం చేస్తుంది. మాకు 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తుతో 3 మెట్లు వచ్చాయి. నేను సిమెంటు గోడ కట్టిద్దామనుకున్నాను. రాతి పని చేసే పెద్దాయన ఒప్పుకోలేదు. "సిమెంటు పెడితే నీరు ఎటు పోద్దమ్మా? లోపల నిలిచి గోడనే తోసేద్ది. రాయి పేరుద్దాం, కొండకేసి వాలాల, రోడ్డుకేసి కాదు" అన్నాడు. ఆయన మాటే నిజమైంది. అట్టడుగు వరస రాళ్లని అర అడుగు నేలలోకి దించాడు. ఒక్కో అడుగు ఎత్తుకి కట్టు 2 అంగుళాలు వెనక్కి వాలేలా పేర్చాడు. రాళ్ల వెనక 4 అంగుళాల మందాన కంకర పోశాడు. నీరు సందుల్లోంచి మెల్లగా కారిపోతుంది, మట్టి ఆగుతుంది. కట్టు ఇంతకన్నా బాగా ఎత్తు కావలసివస్తే మాత్రం సొంతంగా పేర్చకండి, ఇంజనీరుని అడగండి.

ఈ పని రోహిణి కార్తెలో ముగించండి. మృగశిర వానలకు కొత్త మట్టి అణుగుతుంది, అణిగినచోట మళ్లీ మట్టి, మాగిన పశువుల ఎరువు వేయండి. ఆరుద్ర కార్తెలో నాటండి. అప్పుడు నాటితే అక్టోబరు తుపానుల నాటికి వేళ్లు పట్టుకుంటాయి.

పై మెట్టు త్వరగా ఆరిపోతుంది, కింది మెట్టులో తడి ఎక్కువ రోజులుంటుంది. ఇది పట్టించుకోకుండా అన్నిచోట్లా ఒకే మొక్క పెడితే సగం చస్తాయి. పైన నేను డిసెంబరాలు వేశాను, అవి నీటి ఎద్దడికి ఓర్చుకుంటాయి. మధ్య మెట్టులో కనకాంబరాలు, వాటి వెనక నూరు వరహాలు. కనకాంబరం వేళ్లకి నులిపురుగుల బెడద ఉంటుంది కాబట్టి గుంటకి గుప్పెడు వేపపిండి తప్పనిసరి. కింద మెట్టతామర. సింహాచలం పక్కనే ఉంటూ సంపెంగ లేదా అని అందరూ అడుగుతారు. నాకూ ప్రాణమే, కానీ అది మాను అవుతుంది, దాని వేళ్లకి ఈ రాళ్లు ఆగవు. దాన్ని పెరట్లో పెట్టాను.

ప్రతి మెట్టు అంచునా, రాళ్లకి జానెడు లోపల, వట్టివేరు పిలకలు 6 అంగుళాల దూరంలో అడ్డంగా నాటండి. దాని వేళ్లు పక్కలకి పాకవు, నిలువుగా లోతుకి దిగి మట్టిని కుట్టేసినట్టు పట్టుకుంటాయి. పూల మొక్కల్ని కూడా వరసకి వరస ఎడంగా, ముందు వరస సందులో వెనక మొక్క వచ్చేలా పెట్టండి. ఒక్కో మొక్కకీ పల్లపు వైపు అర్ధచంద్రంలా చిన్న గట్టు వేస్తే నీరు కాసేపు ఆగి ఇంకుతుంది. ఎండుటాకులు కప్పితే వాలు మీద జారిపోతాయి. నేను కొబ్బరి డొక్కల్ని మొక్కల మధ్య అడ్డంగా బోర్లించి, వాటి వెనక ఆకులు వేస్తాను.

మొదటి వేసవిలో పైపు వదిలేసి పోకండి. చెంబుతో, మొక్కకి ఎగువ వైపు, మెల్లగా పోయండి. ఫిబ్రవరిలో డిసెంబరాల పూలు అయిపోయాక అడుగు ఎత్తుకి కత్తిరించండి. మెట్టతామర రెండేళ్లకి గుబురై పక్క మొక్కల్ని తొక్కేస్తుంది, దుంపలు తవ్వి విడదీసి ఇరుగుపొరుగుకి పంచండి. వట్టివేరు ఆకు ఏడాదికి రెండుసార్లు కోసి ఆ మెట్టు మీదే పరచండి.