వెట్టర్న్ సరస్సు చుట్టూ 315 కిలోమీటర్లు: చలిలో, ఎదురుగాలిలో తొక్కాలంటే

జూన్‌లో చలేంటే అని మా అక్క ఏటా అడుగుతుంది. ఒంగోల్లో ఉక్కపోత ఇంకా తగ్గని రోజులవి. ఇక్కడ స్వీడన్‌లో మాత్రం అదే జూన్‌లో, అర్ధరాత్రి దాటాక, వెట్టర్న్ ఒడ్డున 5 డిగ్రీలకు పడిపోయే రాత్రులుంటాయి. ఆ సరస్సు పొడవు 130 కిలోమీటర్ల పైమాటే, లోతు కొన్నిచోట్ల 120 మీటర్లు దాటుతుంది. అంత నీళ్లు జూన్‌కల్లా వేడెక్కవు. వాటి మీదుగా వచ్చే గాలీ అంతే.

వెట్టర్న్‌రుండన్ అంటే ఈ సరస్సు చుట్టూ సైకిల్ మీద ఒక ప్రదక్షిణం. మోటాలా ఊళ్లో మొదలుపెట్టి, తూర్పు ఒడ్డు వెంట దక్షిణాన యోన్‌షోపింగ్ దాకా వెళ్లి, పడమటి ఒడ్డు మీదుగా మళ్లీ మోటాలా చేరాలి. వేలమంది బ్యాచులుగా బయలుదేరతారు, చాలామందికి రాత్రి ప్రయాణం తప్పదు. ఇది పోటీ కాదు, ఎవరికీ ర్యాంకులుండవు. హైదరాబాద్‌లో 200, 300 కిలోమీటర్ల బీఆర్ఎంలు (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు) తొక్కి ఇక్కడికి ఉద్యోగాలకొచ్చిన మనవాళ్లు నన్ను అడుగుతుంటారు కాబట్టి వాళ్లనే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. దూరం మీకు కొత్త కాదు. చలీ గాలీ కలిసి రావడమే కొత్త. మరీ భయమైతే 150 కిలోమీటర్ల హాల్వ్‌వెట్టర్న్ ఉంది, ముందు అది తొక్కండి.

బట్టలకంటే ముందు గాలి సంగతి చూడండి. ఇక్కడి వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో చెబుతుంది. దాన్ని 3.6తో గుణించుకోవాలి. 8 అని కనిపిస్తే ఏముందిలే అనిపిస్తుంది కానీ అది గంటకు 29 కిలోమీటర్ల గాలి. తర్వాత దిక్కు. దక్షిణం గాలైతే మొదటి మూడో వంతు కష్టం, యోన్‌షోపింగ్ దగ్గర మలుపు తిరిగాక అదే గాలి వీపు తడుతుంది. ఉత్తరం గాలైతేనే అసలు చిక్కు. యోన్‌షోపింగ్‌కు ముందొచ్చే గ్రేన్నా ఊరు దాటేదాకా కాళ్లు ఆడిస్తే చాలు, బండి దానంతటదే పోతుంది. మీటరు చూసుకుని మురిసిపోయి అందరూ ఇంకా గట్టిగా తొక్కుతారు. తర్వాత 200 కిలోమీటర్లు ఎదురుగాలి. వెనక గాలి ఉన్నప్పుడు దాచుకున్న కాళ్లే తెల్లారాక పనికొస్తాయి.

ఎదురుగాలిలో స్పీడ్ చూడకండి. మీరు 25లో వెళ్తుంటే, 20 వేగంతో గాలి ఎదురొస్తే, ఒంటికి తగిలేది 45. ఆ నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది, కాబట్టి స్పీడ్ నిలబెట్టుకోవాలన్న పట్టుదల మనకు మిగిలేదేమీ లేకుండా చేస్తుంది. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత ఊపిరి ఉందా, అదీ కొలత. గేర్ ఒకటి తగ్గించండి, మోచేతులు వంచండి, గుంపులో దూరండి. ముందువాళ్ల వెనక నక్కితే నాలుగో వంతుకు పైగా శ్రమ తగ్గుతుంది. పక్కగాలి వచ్చినప్పుడు మాత్రం సరిగ్గా వెనక ఉంటే లాభం లేదు. గాలి ఎడమ నుంచి కొడితే ముందువారికి కాస్త కుడిగా, ఏటవాలుగా ఉండాలి. అలాగని మీ ముందు చక్రం వాళ్ల వెనక చక్రం పక్కకు చేరిందా, ఒక్క విసురుకు ఇద్దరూ కింద ఉంటారు. ఓ అర మీటరు ఖాళీ ఉంచండి. లోతైన రిమ్ముల చక్రాలు ఫోటోలకు బాగుంటాయి, ముందు చక్రానికి మాత్రం వద్దు.

గుంపులో ఇంకో మాట. ఇక్కడ కుడి పక్కన ఉండి, ఎడమ నుంచి దాటాలి. మన చేతులకు అలవాటైంది దీనికి తలకిందులు, అలసిపోయిన మూడో జామున పాత అలవాటే ముందుకొస్తుంది. సరదాకి చెబుతున్నా, ఈ రైడ్ మొదటిసారి జరిగిన 1966లో స్వీడన్ కూడా మనలాగే ఎడమవైపే నడిచేది. కుడికి మారింది 1967 సెప్టెంబర్ 3న.

ఇక బట్టలు. స్టార్ట్ దగ్గర కాస్త వణుకు రావాలి. అక్కడ వెచ్చగా ఉంటే 10 కిలోమీటర్లలో చెమట పడుతుంది, ఆ తడికి గాలి తగిలితే ఇక చలి ఆగదు. 5 డిగ్రీల్లో 30 వేగంతో వెళ్తుంటే ఒంటికి తెలిసేది సున్నా డిగ్రీలే. నేను వేసుకునేవి: లోపల మెరీనో ఉన్ని బనీను, దాని మీద జెర్సీ, చేతులకు తొడుగులు, ఛాతీకి గాలి ఆపే స్లీవ్‌లెస్ కోటు, జేబులో పల్చటి వానకోటు. కాటన్ బనీను ఇంట్లో వదిలేయండి. మోకాళ్లు కప్పుకోండి, కుర్రాళ్లు నవ్వినా సరే. వెయిటింగ్‌లో చలి ఆగకపోతే చెత్తకు వాడే పెద్ద ప్లాస్టిక్ కవరుకు తలకూ చేతులకూ కన్నాలు చేసి తొడుక్కుని, బయలుదేరే ముందు తీసేసి డబ్బాలో వేయండి.

వేళ్లు నాకు పెద్ద బెడద. పల్చటి నైట్రైల్ గ్లవ్స్, ఆసుపత్రుల్లో వాడేవి, వాటి మీద సైకిల్ గ్లవ్స్ వేసుకుంటాను. కాళ్లకు బూట్ల మీద కవర్లు. లావు సాక్సు రెండు జతలు దూర్చి షూ బిగించేస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి.

ఆడవాళ్లకు ప్రత్యేకం: బిబ్ షార్ట్స్ (భుజాల మీదుగా పట్టీలుండే సైకిల్ నిక్కరు) వేసుకుంటే బాత్రూంలో పైనున్నవన్నీ విప్పాలి. చలిలో, క్యూ వెనకాల, మొద్దుబారిన వేళ్లతో అది పెద్ద ప్రహసనం. వెనక జిప్పో హుక్కో ఉన్నది కొనుక్కోండి, లేదా మామూలు నడుము షార్ట్స్ వేసుకోండి. ఈ భయంతో నీళ్లు తాగడం మానేసేవాళ్లను చూశాను. అది వద్దు. చలిలో దాహం తెలియదు గానీ ఒంట్లో నీళ్లు పోతూనే ఉంటాయి.

తిండికి లోటుండదు. డిపోల్లో, అంటే దారిలో తిండికి ఆగే చోట్ల, బన్నులు, కాఫీ, బ్లూబెర్రీ సూప్ అనే వెచ్చటి ఊదారంగు ద్రవం, ఉప్పు దోసకాయ ముక్కలు ఉంటాయి. ఆ దోసకాయ మొదట వింతగా ఉంటుంది, సగం దూరం దాటాక మన ఊరగాయలా వెతుక్కుంటాం. యోన్‌షోపింగ్‌లో మాంసపు ఉండలు, బంగాళాదుంప ముద్ద పెడతారు. శాకాహారులు ఏముంటుందో ముందే చూసుకుని, సొంతంగా కొంత పెట్టుకోండి. సున్నుండలు తేవద్దు, చలికి నెయ్యి గడ్డకట్టి గ్లవ్స్ చేతిలో రాళ్లలా ఉంటాయి, కొరికితే పొడి గొంతుకడ్డం పడుతుంది. నేను పులిహోరను మెత్తగా వండి, నిమ్మకాయంత ఉండలు చుట్టి రేకులో పెడతాను. మిరపకాయలు తీసేసి, పల్లీలు మాత్రం ఉంచి. అరగంటకొకటి, ఆకలితో పని లేదు.

డిపోలో పది నిమిషాలు మించకండి. సైకిల్ దిగగానే కోటు జిప్పు మెడదాకా లాగండి, చల్లబడ్డాక కాదు. మళ్లీ ఎక్కిన మొదటి రెండు కిలోమీటర్లు పళ్లు టకటకలాడతాయి, తేలిక గేర్లో తొక్కితే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, జిప్పు పట్టుకోలేకపోతే, మాట ముద్దగా వస్తుంటే, మరీ ముఖ్యంగా ఒళ్లు వేడెక్కకముందే వణుకు ఆగిపోయి మగత కమ్ముతుంటే, అక్కడితో ఆపాలి. పక్కవాళ్లలో ఇవి కనిపిస్తే వాళ్లు బాగానే ఉన్నానన్నా నమ్మకండి. లోపలికి తీసుకెళ్లి తడి బట్టలు విప్పించి, డిపో వాళ్లకు చెప్పండి.

ఫోన్ ఛాతీ దగ్గర లోపలి జేబులో ఉంటే చలికి చార్జింగ్ త్వరగా పడిపోదు. హమ్మర్‌సుండెట్ వంతెన మీద నీళ్లు రెండు పక్కలా ఉంటాయి, గాలికి అడ్డుండదు కాబట్టి హ్యాండిల్ గట్టిగా కాదు, వదులుగా, కింది వంపులో పట్టుకోండి.

ముగిశాక పొడి బట్టలు ముందు, మెడల్ ఫోటో ఆ తర్వాతే. మా ఆయన ఫినిష్ దగ్గర సంచితో నిలబడతారు, అందులో పైన ఉండేది ఉన్ని టోపీ. కారు మాత్రం మీరు తోలకండి, రాత్రంతా నిద్ర లేదు. తోలేవాళ్లు లేకపోతే మోటాలాలోనే గది ముందుగా మాట్లాడుకోండి. ఆ వారాంతం చుట్టుపక్కల గదులు నెలల ముందే నిండిపోతాయి.